విలుంగా కొండ మీద రెండు సెకన్లు

ఆస్ట్రేలియాలో మా అబ్బాయి ఇంట్లో సంక్రాంతి అరిసెలు డబ్బాలో ఇంకా మిగిలి ఉండగానే వాడు అడిగాడు, "నాన్నా, ఆదివారం సైకిల్ పోటీకి వస్తారా?" అని. ముప్పై ఏళ్లకు పైగా కోనసీమ కాలువగట్ల మీద ఉత్తరాలు బట్వాడా చేసినవాడిని. సైకిల్ తొక్కేవాళ్ళను చూడటానికి ఇంత దూరం వచ్చి కొండ ఎక్కాలా అనిపించింది. మనవరాలు అప్పటికే టోపీ పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఇక తప్పలేదు.

అది 2020 జనవరి 26. ఇక్కడ ఆ రోజు ఆస్ట్రేలియా డే, మనకు గణతంత్ర దినం. దక్షిణ ఆస్ట్రేలియా రాజధాని అడిలైడ్ నుంచి దక్షిణంగా యాభై కిలోమీటర్ల లోపే విలుంగా ఊరు. దారి పొడవునా మెక్‌లారెన్ వేల్ ద్రాక్షతోటలు. జనవరి అంటే వాళ్ళకు నడివేసవి. పక్కన తోటలు పచ్చగా ఉన్నా, దూరపు కొండలు ఎండుగడ్డితో గోధుమరంగుకు తిరిగాయి. అంతకు ముందు నెలే అడిలైడ్ కొండల్లో కార్చిచ్చు రేగి ఇళ్ళూ తోటలూ కాలిపోయాయి. పోటీ రెండో అంచె ఆ పక్కనున్న వుడ్‌సైడ్ నుంచే బయలుదేరింది.

అంచె అన్న మాట నాకు సొంత మాటే. వెనకటి రోజుల్లో ఒక అంచెవాడు మోసిన టపా మరొకడు అందుకునేవాడు. ఇక్కడ మాత్రం అందుకునేవాడు లేడు. ఆరు రోజులు, ఆరు అంచెలు, అన్నీ ఒక్కడే తొక్కాలి. అన్ని రోజుల సమయాలూ కూడితే ఎవరికి తక్కువ వస్తుందో వాడు గెలిచినట్టు. పోటీ పేరు టూర్ డౌన్ అండర్. భూగోళానికి అడుగున ఉన్న దేశమని యూరప్ వాళ్ళు పెట్టిన ముద్దుపేరును ఆస్ట్రేలియా వాళ్ళు నవ్వుతూ తగిలించుకున్నారు.

దీని పుట్టుక వెనక ఒక పోగొట్టుకున్న కథ ఉంది. 1985 నుంచి 1995 దాకా ఫార్ములా వన్ కార్ల పందెం అడిలైడ్ వీధుల్లో జరిగేది. దాన్ని మెల్‌బోర్న్ తన్నుకుపోయింది. ఆ వెలితి పూడ్చుకోవాలని దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం చూస్తున్న రోజుల్లో మైక్ టర్టర్ సైకిల్ పోటీ ఆలోచనతో ముందుకొచ్చాడు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ సైక్లింగ్‌లో జట్టుగా స్వర్ణం గెలిచినవాడు. 1999లో మొదటి పోటీ జరిగింది, అడిలైడ్ కుర్రాడే స్టువర్ట్ ఓగ్రాడీ గెలిచాడు. యూరప్‌లో చలికాలం కాబట్టి అక్కడి ఆటగాళ్ళు ఎండ వెతుక్కుంటూ ఇక్కడికి రాసాగారు. 2008లో యూరప్ బయట ప్రో టూర్ హోదా, అంటే పెద్ద పోటీల వరసలో చోటు, దక్కిన మొదటి పోటీ ఇదే అయింది. మరుసటి ఏడాది అమెరికా సైకిల్ వీరుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ విరమణ మానుకుని తిరిగొచ్చింది ఇక్కడికే. వచ్చింది 29వ స్థానం. తర్వాత ఉత్ప్రేరకాల వ్యవహారంలో అతని విజయాలు ఎలా రద్దయ్యాయో అందరికీ తెలుసు, నేను మళ్ళీ చెప్పను.

కారు దూరంగా ఆపి కొండ ఎక్కాం. మూడు కిలోమీటర్లే, కానీ నూరు మీటర్లకు ఏడున్నర మీటర్ల దాకా ఎత్తు పెరిగే దారి. వందలాది మంది మామూలు జనం సైకిళ్ళ మీదే ఎక్కుతున్నారు, పొట్టలున్నవాళ్ళూ నెరిసిన గడ్డాలవాళ్ళూ. రోడ్డు నిండా సుద్దముక్కలతో రాసిన పేర్లు. నీలగిరి చెట్టు నీడలో దుప్పటి పరిచి పులిహోర విప్పగానే ఈగలు చుట్టుముట్టాయి. ఇక్కడి ఈగలకు పులిహోర కంటే మన కళ్ళ మీదే మక్కువ ఎక్కువ.

మా అబ్బాయి ఫోనులో పట్టిక చూసి చెప్పాడు. అప్పటిదాకా ముందున్నది దక్షిణాఫ్రికా ఆటగాడు డారిల్ ఇంపీ. అతని వెనక ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవి వాడు రిచీ పోర్ట్, రెండు సెకన్ల తేడాతో. అయిదు రోజులు తొక్కితే రెండే సెకన్లు! ఉత్తరం మీద ముద్ర వేయడానికి కూడా నాకు అంతకంటే ఎక్కువ పట్టేది.

పోర్ట్‌ది విచిత్రమైన జాతకం. 2014 నుంచి 2019 దాకా వరసగా ఆరేళ్లు విలుంగా కొండ మీద మొదట చేరింది అతనే. అయినా ఆ ఆరేళ్లలో మొత్తం పోటీ గెలిచింది ఒక్క 2017లోనే. 2015లో రోహన్ డెన్నిస్ చేతిలో రెండు సెకన్లతో పోయింది. 2018లో అయితే ఇంపీతో సమయం సరిసమానం. అన్ని అంచెల్లో ఎవరు ఎన్నో స్థానంలో వచ్చారో కూడి చూసి ఇంపీకి ఇచ్చారు. కొండ గెలిచినా పోటీ చేజారడానికి కారణం ఏమిటంటే, రోజూ ఆఖరి గీత దగ్గర మొదటి ముగ్గురికీ పది, ఆరు, నాలుగు సెకన్లు తగ్గిస్తారు. దారి మధ్యలోనూ చిల్లర సెకన్లుంటాయి. బల్లపరుపు దారిలో చివర దూకగలవాడు రోజూ ఆ చిల్లర ఏరుకుంటాడు. కొండవీరుడికి ఏడాదికి ఒకటో రెండో కొండలే.

ముందు హెలికాప్టర్ మోత, తర్వాత పోలీసు మోటారు సైకిళ్ళు, ఆ వెనక గుంపు. మొదటి విడత ఎక్కినప్పుడు నాకు మొహాలు కనిపించలేదు, రంగులే కనిపించాయి. పట్టికలో ముందున్నవాడిగా ఇంపీ తొడుక్కున్న జేగురు చొక్కా మాత్రం గుర్తుపట్టాను. ఎర్రనేల రంగు. మా ఊళ్ళో పండక్కి అరుగులకు పూసే జాజు సరిగ్గా ఆ రంగే. అరచేతి దూరంలో వెళుతుంటే విన్నది చైన్ల గరగర, దాని మీద ఊపిరి. నోరు తెరిచి, దవడ వేలాడేసి, చొక్కా వీపు మీద ఉప్పు చారలు కట్టి... గోదారి గాలికి ఎదురు తొక్కేటప్పుడు పాలవాడి మోపెడ్ వెనక దాక్కునేవాడిని. గుంపుగా పోవడంలోని రహస్యమూ అదే. కానీ కొండ ఎక్కేటప్పుడు వేగం తగ్గుతుంది, కోయడానికి గాలీ అంతగా ఉండదు. ఎవడి బరువు వాడిదే.

ఒకడు ఖాళీ సీసా విసిరాడు. మా మనవరాలు పట్టేసుకుంది. అడుగున గుక్కెడు తియ్యటి వెచ్చటి నీళ్ళున్నాయి. తాగనివ్వలేదని అలిగింది.

రెండో విడతలో గుంపు ముక్కలైపోయింది. మేము శిఖరానికి కాస్త కిందే ఉన్నాం కాబట్టి ముగింపు ఫోనులో చూశాం. పోర్ట్ అందరినీ వదిలేసి వెళ్ళాడు, ఒక్కడు తప్ప. పొద్దున ముందుకెళ్ళిపోయిన గుంపులోని బ్రిటిష్ కుర్రాడు మాథ్యూ హోమ్స్ అతని చక్రానికి అతుక్కుని, చివర్లో దాటేశాడు. ఆరేళ్ల వరస అక్కడితో తెగింది. కానీ ఇంపీ వెనకబడ్డాడు కాబట్టి మొత్తం పోటీ పోర్ట్‌దే, 25 సెకన్ల తేడాతో. కొండ చేజారిన ఏడాదే పోటీ దక్కింది. మా అబ్బాయి ఇది నాకు రెండుసార్లు విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

దిగేటప్పుడు ఒక వింత చూశాను. ఆటగాళ్ళు కూడా అదే దారిన, జనం మధ్య నుంచి, బస్సుల దగ్గరికి దిగుతున్నారు. మెడలో తువ్వాలు వేసుకున్న ఒకడు బ్రేకులు మెల్లగా నొక్కుతూ మమ్మల్ని దాటి వెళ్ళాడు. గంట కొట్టలేదు. అసలు ఆ సైకిళ్ళకు గంటే లేదు, స్టాండూ లేదు, క్యారేజీ లేదు. ఉత్తరాల సంచి ఎక్కడ పెడతారో!

ఫిబ్రవరిలో ఊరికి వచ్చేశాం. ఆ తర్వాత కోవిడ్ వల్ల 2021, 2022ల్లో పోటీ జరగనేలేదు. 2023లో జే వైన్ గెలిచాడని అబ్బాయి ఫోను చేసి చెప్పాడు. ఆ ఏడాది ముగింపు మౌంట్ లాఫ్టీ మీదట. "మరి విలుంగా?" అని అడిగాను. పక్క నుంచి మనవరాలు అందుకుంది, "తాతయ్యా, ఆ సీసా నా దగ్గరే ఉంది, మూత మాత్రం పోయింది" అని.