అష్టమి చంద్రుడు, ఆకాశ పటంలో ఒక అతుకు: ఐబెక్స్ దత్తాంశాలతో నా అనుభవం

అమెరికాలో పరిశోధక విద్యార్థిగా చేరిన రెండో ఏడు నాకు అప్పగించిన పని, చెప్పడానికి ఒక్క వాక్యంలో ఇమిడిపోయేది: ఐబెక్స్ ఉపగ్రహం 2009 జూన్ నుంచి డిసెంబరు వరకు నమోదు చేసిన పరమాణువుల లెక్కింపులను తీసుకుని సౌరకుటుంబపు అంచుకు పటం గీయాలి. 2008 అక్టోబరు 19న పసిఫిక్‌లోని క్వాజలీన్ దీవుల దగ్గర, విమానం నుంచి జారవిడిచిన పెగాసస్ రాకెట్‌తో బయలుదేరిన ఈ చిన్న ఉపగ్రహం భూమి చుట్టూనే తిరుగుతుంది తప్ప అంచు దాకా వెళ్లదు. వాయేజర్ 1 2012 ఆగస్టు 25న దాదాపు 122 ఖగోళ ప్రమాణాల (ఒక ఖగోళ ప్రమాణం అంటే భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం) దూరంలోను, వాయేజర్ 2 2018 నవంబరు 5న 119 ఖగోళ ప్రమాణాల దూరంలోను ఆ సరిహద్దును దాటాయి గాని, రెండు నౌకలు ఇచ్చేది రెండు బిందువులే. మిగతా ఆకాశమంతటి సంగతి అక్కడి నుంచి మన వైపు వచ్చే తటస్థ హైడ్రోజన్ పరమాణువులే చెప్పాలి. అంచు దగ్గర సౌర పవనపు (సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే విద్యుదావేశ కణాల ప్రవాహపు) ప్రోటాన్లు నక్షత్రాల మధ్య ఉండే వాయువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కుని తటస్థమైపోతాయి. ఆపైన ఏ అయస్కాంత క్షేత్రమూ వాటిని వంచలేదు కనుక తిన్నగా ప్రయాణిస్తాయి.

ఐబెక్స్ నిమిషానికి సుమారు నాలుగు చుట్లు, బొంగరంలా తిరుగుతుంది. దాని అక్షం సూర్యుడి వైపు ఉంటుంది, పరికరాలు ఆ అక్షానికి లంబంగా చూస్తాయి. కాబట్టి ప్రతి చుట్టులోనూ ఆకాశంలో ఒక వలయం తుడిచినట్టవుతుంది. ఆ వలయాన్ని 6 డిగ్రీల చొప్పున 60 గళ్లుగా విడదీస్తారు. భూమి సూర్యుడి చుట్టూ కదిలేకొద్దీ, అప్పట్లో సుమారు ఏడున్నర రోజులు పట్టిన ఒక్కో కక్ష్యకు ఒకసారి అక్షాన్ని మళ్లీ సరిచేసేవారు. వలయం జరుగుతూ జరుగుతూ ఆరు నెలల్లో ఆకాశమంతా పూర్తవుతుంది. లెక్కింపులను చూసిన కాలంతో భాగించి గళ్లలో వేస్తే చాలదా, వారంలో ముగించవచ్చని అనుకున్నాను. నాలుగు నెలలు పట్టింది.

మొదటి పటంలో ఒక వలయంలో రెండు గళ్లు చుట్టుపక్కల వాటికన్నా ఎన్నో రెట్లు వెలిగిపోతున్నాయి. ఏదో కొత్త విషయం పట్టానని ఒక పూటంతా సంబరపడ్డాను కూడా. మా ప్రొఫెసర్ గారు చూసి, ఆ వారం చంద్రుడు ఎక్కడున్నాడని మాత్రమే అడిగారు. చంద్రుడి నేలను తాకే సౌర పవన ప్రోటాన్లలో దాదాపు పదో వంతు తటస్థ పరమాణువులై వెనక్కి వస్తాయి, వాటిని ఐబెక్స్ చూస్తుంది. పరికరాల చూపు సూర్యుడికి లంబంగా ఉంటుంది కాబట్టి చంద్రుడు సూర్యుడికి 90 డిగ్రీల ఎడంగా ఉన్నప్పుడు, అంటే శుక్ల పక్షంలోనైనా కృష్ణ పక్షంలోనైనా అష్టమి ప్రాంతంలో, చూపులో పడతాడు. పంచాంగం చూసినా కొంత అనుమానం వచ్చేదేమో! అయితే అదొక్కటీ సరిపోదు. ఉపగ్రహం ఉన్న చోటు నుంచి దిక్కును లెక్కించాలి.

చంద్రుడిని తీసేశాక భూమి వంతు వచ్చింది. ఉపగ్రహం భూమికి దగ్గరగా వచ్చినప్పుడు మన అయస్కాంత గోళం నుంచి వచ్చే కణాలు అసలు సంకేతాన్ని ముంచేస్తాయి, అందుచేత ఆ గంటలను వదిలేయాలి. ఎంత వదలాలి అన్నదే నన్ను ఎక్కువగా వేధించిన ప్రశ్న. ఒక గడిలో 25 లెక్కింపులు ఉంటే అనిశ్చితి దాని వర్గమూలం, 5, అంటే 20 శాతం. కాలం తెగ్గోస్తే లెక్కింపులు తగ్గి అనిశ్చితి పెరుగుతుంది, తెగ్గోయకపోతే మలినం మిగులుతుంది. మొదట్లో నేను పిసినారిగా, అనుమానం ఉన్న గంటలను కూడా ఉంచుకున్నాను. పక్కపక్క వలయాల మధ్య అర్థం లేని చారలు కనిపించాక గాని వాటిని తీసేయడానికి చేయి రాలేదు.

ఇక అతుకు సంగతి. పటం మొదలైన వలయమూ ముగిసిన వలయమూ కలిసే చోట పటంలోని కాంతి, అంటే పరమాణువుల రాక, ఒక్కసారిగా మారిపోతోంది. కారణం భూమి వేగం. సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్న మనకు ఎదురుగా వచ్చే పరమాణువులు ఎక్కువ శక్తితోను, వెనక నుంచి వచ్చేవి తక్కువ శక్తితోను కనిపిస్తాయి. వలయంలో సగం మన ముందు వైపు, సగం వెనక వైపు. ఆరు నెలల తరువాత అదే వలయానికి ముందు వెనకలు తారుమారవుతాయి. దీనికి చేయాల్సిన సవరణ నా ప్రోగ్రాములో ఉంది, అయినా అతుకు తగ్గకపోగా మరింత పెద్దదైంది. పరమాణువులను వాటి శక్తిని బట్టి వేరుచేసే ఐదు శక్తి మార్గాల పటాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే 4.29 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల పటంలో అది లీలగా, 0.71 పటంలో కొట్టొచ్చినట్టు ఉంది. పరమాణువు ఎంత నెమ్మదిదైతే భూమి వేగం అంత లెక్కకు వస్తుంది కనుక, తప్పు వేగపు సవరణలోనే ఉందని తేలింది. వేగానికి గుర్తు తిరగేసి రాశాను, ప్లస్ ఉండాల్సిన చోట మైనస్. దాన్ని కనిపెట్టడానికి మూడు వారాలు పట్టింది, సరిదిద్దడానికి ఒక్క అక్షరం.

ఆ సాయంత్రం వచ్చిన పటంలో, ఏ సిద్ధాంత నమూనా ముందుగా ఊహించని ఆ ప్రసిద్ధ పట్టీ (ఐబెక్స్ రిబ్బన్, పరమాణువులు ఎక్కువగా వచ్చే సన్నని మేర), పరిసరాలకన్నా రెండు మూడు రెట్ల కాంతితో, వలయంలా వంగి కనిపించింది. 2009లో ఐబెక్స్ బృందం ప్రకటించినప్పటి నుంచి దాని చిత్రాలు ఎన్నిసార్లు చూశానో, అయినా నా గళ్లలోంచి అది లేచి వచ్చినప్పుడు కుర్చీలో కాసేపు కదలకుండా కూర్చున్నాను. దాని కేంద్రాన్ని గణిస్తే రేఖాంశం 220, అక్షాంశం 40 డిగ్రీలకు దగ్గరగానే వచ్చింది. ప్రచురిత విలువలూ అక్కడే ఉన్నాయి. దారిలో మళ్లీ అయాన్లుగా మారి రాలిపోయే పరమాణువుల వాటాకు సవరణ తరువాత చేశాను, అందులో పెద్ద చిక్కులు రాలేదు.

చివరికి పటం కింద తేదీ వేయమన్నారు ప్రొఫెసర్ గారు. 100 ఖగోళ ప్రమాణాల దూరం నుంచి రావడానికి 4.29 మార్గంలోని పరమాణువుకు ఆరు నెలలు, 0.71 మార్గంలోని దానికి ఏడాది మీద మూడు నెలలు పడుతుంది. ఒకే ఆరు నెలల్లో నమోదైన ఐదు పటాలు ఐదు వేర్వేరు కాలాలవి. నేను లెక్కింపులు అందిన తేదీలే వేసి, ఒక్కో మార్గానికి ప్రయాణ కాలమెంతో కింద చిన్న పట్టికగా రాశాను.