రాయచోటి పక్కనుంచే పోయింది

అమ్మ మళ్లీ కువైట్ పోయింది. నిన్న సాయంత్రం 4 గంటలకు కడపలో చెన్నై బస్సు ఎక్కించినాం, నాన్న తోడు పోయినాడు, నేను అవ్వ దగ్గర ఉండిపోయినా. రెండు నెలల లీవు ఇట్టే అయిపాయ. బ్యాగులో చెనక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ పెట్టి, తూకం ఎక్కువైతాదని ఓలిగలు సగం తీసేసినాం, అదొకటి రాత్రంతా మనసులో మెదుల్తానే ఉండింది.

బస్సు పోయే దోవ అవ్వకు నోటికొచ్చు. రాజంపేట దాటింటాది, ఇప్పుడు కోడూరు, ఇంక రేణిగుంట, పుత్తూరు అని చెప్తానే ఉండింది. చెన్నై తర్వాత మాత్రం ఆమెకు ఊర్ల పేర్లు తెలీవు. పొద్దున 6కు విమానం లేచిందని నాన్న ఫోన్ చేస్తానే అవ్వ "ఇప్పుడు యాడుండాదిమ్మీ మీయమ్మ?" అనె. ఏం చెప్పాల?

ఫోన్లో మ్యాప్ తీసి చెన్నై నుంచి కువైట్‌కు సూటిగా గీత గీసినా. దాదాపు 3,800 కిలోమీటర్లు. ఆ గీత తిరిగి మనవైపే వచ్చింది! రాయచోటి పక్కనుంచి, అనంతపురం మీదుగా పోయి రత్నగిరి దగ్గర సముద్రం పట్టుకుని, మస్కట్‌కు పైవైపు నుంచి గల్ఫ్ దాటుకుని కువైట్. రాయచోటంటే అమ్మ పుట్టిల్లు. 260 కిలోమీటర్లు ఏడు గంటలు బస్సులో కూచోని చెన్నై పోయిన మనిషి, విమానం ఎక్కిన ఇరవై నిమిషాలకే పుట్టింటి దగ్గరికొచ్చి దాటిపోయిందన్నమాట. విమానం అచ్చంగా ఆ గీత మీదే పోదు, అటూ ఇటూ మళ్లుతాది, అయినా అవ్వకు చూపించినా. ఆమె ఏం మాట్లాడకుండా బయటికి పోయి, రాయచోటి వైపు ఆకాశం చూస్తా చానాసేపు నిలబడింది.

పోయేటప్పుడు 5 గంటలు పడ్తాది, వచ్చేటప్పుడు అంత పట్టదు. పైన గాలి పడమట నుంచి తూర్పుకు కొడ్తాది, చలికాలంలో ఇంకా జోరు, జనవరిలో అమ్మ నాలుగున్నర గంటల్లోనే దిగింది. ఇంటికొచ్చేటప్పుడు గాలి కూడా తోస్తాదని తెలిస్తే నాకెంత సంతోషమైందో.

మనకు 11 అయితే అక్కడ 8:30. ఈ రెండున్నర గంటల తేడా మాకు రోజూ తెలుస్తాది, అమ్మ పనిచేసే ఇంట్లో అన్నీ సర్దిపెట్టి రాత్రి 10కి ఫోన్ చేస్తే ఇక్కడ 12:30, అవ్వ అంతవరకూ పండుకోదు.

11:20కి ఫోనొచ్చింది, "దిగినా పాపా" అని. అవ్వ ఫోన్ లాక్కుని "రాయచోటి కనపడిందా?" అనె. అమ్మకేం అర్థం కాలేదు. నేను చెప్తే కొంచేపు పలకలేదు, తర్వాత మెల్లగా "నాకు మధ్య సీటు వచ్చిందిమ్మా, ఏం కనపళ్లా" అనింది.

మళ్లీ లీవు రెండేండ్లకు. ఈ తూరి తిరిగి పోయేటప్పుడు కుడిపక్క కిటికీ సీటు ముందే తీసుకోవాల.