బల్ల ఎత్తు

చిన్నదాని రాతబల్లకు చెక్కలు కోయించి తెచ్చినప్పటి నుంచి ఇంట్లో అందరూ దాని ఎత్తు గురించే మాట్లాడుతున్నారు. అందరికంటే గట్టిగా మాట్లాడినవారు బావగారు. సాయంత్రం కాఫీకి వచ్చి, గోడకు ఆనించి ఉన్న పైపలకను అటూ ఇటూ తిప్పి చూసి, నేను కాళ్ల చెక్కల మీద పెన్సిలుతో గీసుకున్న గీతను టేపుతో కొలిచి, "30 అంగుళాలకు తగ్గితే అది బల్ల కాదమ్మా, పీట. ఏడాది తిరిగేసరికి పిల్ల ఎదుగుతుంది, అప్పుడేం చేస్తావు?" అన్నారు. అత్తయ్యగారు అవునన్నట్టు తలూపారు. ఈయన పేపరులోంచి తల ఎత్తలేదు. నేను కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను గాని, ఆ మాట ఇంత రాత్రయినా నన్ను వదలలేదు.

పిల్లల వస్తువుల విషయంలో మనకున్న ఈ అలవాటు నాకు మొదటి నుంచీ కష్టంగానే ఉంది. యూనిఫాం కుట్టించేటప్పుడు అంచును లోపలికి మడిచి పెట్టించినట్టే, బల్లకైనా మంచానికైనా రేపు ఎదగబోయే పిల్ల కొలతే తీస్తాం. ఇవాళ కళ్ల ముందు నిలబడి ఉన్న పిల్ల కొలత ఎవరికీ పట్టదు. గౌను మడతను విప్పుకోవచ్చు, ఎత్తైన బల్లను మాత్రం పిల్లకోసం మడవలేము. చిన్నది ఇప్పుడు 126 సెంటీమీటర్లుంది. ఐరోపా దేశాలు బడి బల్లలకు పెట్టుకున్న ప్రమాణం ప్రకారం 119 నుంచి 142 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లలకు బల్ల 59, కుర్చీ 35 సెంటీమీటర్లు ఉండాలి. బావగారు చెప్పిన 30 అంగుళాలంటే 76 సెంటీమీటర్లు, అంటే 159 సెంటీమీటర్లు దాటినవారికి సరిపోయే ఎత్తు. దాని ముందు ఈ పిల్ల భుజాలు ఎగదోసుకునే రాయాలి. పోనీ కుర్చీ ఎత్తు పెంచుదామంటే కాళ్లు నేలకు అందవు, తొడల కింద కుర్చీ అంచు ఒత్తుకుంటుంది.

ఆ ఒత్తిడి ఎలా ఉంటుందో నాకు ఏ ప్రమాణమూ చెప్పనక్కరలేదు. నేను మూడో తరగతిలో ఉండగా నాన్నగారు ఒక ఆఫీసు వేలంలో పాత టేకు బల్ల కొని రిక్షాలో వేయించుకుని వచ్చారు. పైన ఆకుపచ్చ రెగ్జిన్, కింద బరువైన సొరుగు. "పెద్దయ్యాక కూడా పనికొస్తుంది" అని అమ్మతో అన్న మాట నాకు ఇంకా వినిపిస్తుంది. కూర్చుంటే బల్ల నా గడ్డం దాకా వచ్చేది. అందుకని కేన్ కుర్చీలో మోకాళ్ల మీద నిలబడి ఎక్కాలు రాసేదాన్ని. లేచేసరికి ఆ అల్లిక అంతా మోకాళ్ల మీద అచ్చుపడి ఉండేది, అమ్మ అన్నాలప్పుడు అది చూసి కొబ్బరినూనె రాసేది. కొన్నాళ్లకు పరీక్ష అట్ట ఒళ్లో పెట్టుకుని గడప దగ్గరకు చేరాను. బల్ల మీదకు రేడియో, మందుల సీసాలు, పెళ్లి శుభలేఖలు చేరాయి. నాకోసమని వచ్చిన వస్తువు ఇంట్లో అందరికీ పనికొచ్చి, నాకొక్కదానికే పనికి రాకుండా పోయిందని చాలా ఏళ్లు బాధపడ్డాను.

ఇంతా రాశాక, ఇప్పుడు టైపు చేస్తున్నది ఆ బల్ల మీదేనన్న సంగతిని పక్కన పెట్టలేకపోతున్నాను. ఇంటర్లో చేరేనాటికి అది నాకు సరిగ్గా సరిపోయింది. ఆ తర్వాత చదివిన చదువంతా దీని మీదే చదివాను, దీని అతుకు ఒక్కటి కూడా ఇప్పటికీ వదులు కాలేదు. నాన్నగారి జీతంలో బల్ల కొనడం ఒక్కసారే కుదిరే పని. ఆ ఒక్కసారిలో ఆయన నా చదువు మొత్తాన్ని లెక్కవేసుకున్నారు. బావగారు పెరిగిన ఇల్లూ అలాంటిదే కాబట్టి ఆయన నోట ఆ మాట రావడంలో వింత లేదు. ఆ లెక్కను కాదనే హక్కు నాకు లేదు. అయినా అందులో మూడో తరగతి పిల్ల మోకాళ్లు లేవన్నది కూడా అంతే నిజం.

అందుకే కాళ్లను 59 దగ్గర కోసేయాలన్న ఆలోచన మానుకుంటున్నాను. ఒక్కో కాలికి రెండేసి చెక్కలు ఒకదాని మీద ఒకటి జారేలా అమర్చి, 59, 64, 71, 76 సెంటీమీటర్ల ఎత్తుల్లో నిలిచేటట్టు రంధ్రాలు వేస్తాను. ఒక్క బోల్టుతో కాలు ఊగుతుంది కనుక ప్రతి కాలికీ ఎడంగా రెండు బోల్టులు, వెనక వైపు కదలకుండా ఒక అడ్డపట్టీ కావాలి. పైన మెరుపు లేని సన్మైకానే వేయించాలి. నున్నగా మెరిసేదైతే ట్యూబులైటు వెలుగంతా పుస్తకం పక్కనుంచి కళ్లలో కొడుతుంది. పొద్దున కొలత తీసేటప్పుడు చిన్నది మోచెయ్యి మడిచి ఊపిరి బిగబట్టి కూర్చుంది, అన్నానికి కూడా అంత కుదురుగా ఎప్పుడూ కూర్చోలేదు.

ఇక మిగిలింది కూర్చునే పీట ఎత్తు. అటక మీది పాత చెక్క స్టూలు కాళ్లను మాత్రం 35 సెంటీమీటర్లకు కోసేస్తాను. పిల్ల ఎదిగాక ఇంకొకటి దొరుకుతుంది, స్టూలుకు అంత ఆలోచన అక్కరలేదు. ఆదివారం బావగారు వచ్చేసరికి బోల్టులు కింది రంధ్రాల్లోనే బిగించి ఉంటాయి. పై రంధ్రాలు ఆయనకు నేనే చూపిస్తాను. వాటిని ఎప్పుడు వాడాలో మాత్రం చిన్నదాని మోచెయ్యి చూసి నేను తేల్చుకుంటాను.