స్టెంట్ పడ్డాక మారిన లెక్కలు

పోయిన దసరాకి ముందు నాకు యాంజియోప్లాస్టీ అయింది, అంటే గుండెలో పూడుకున్న రక్తనాళాన్ని తెరిచారు. అది మళ్లీ మూసుకుపోకుండా ఒక స్టెంట్ (చిన్న జాలీ గొట్టం) వేశారు. వయసు 44. రెండు వారాల్లో మళ్లీ లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. గుండె సంగతి అంతే. అసలు తిప్పలు తర్వాత మొదలయ్యాయి.

అప్పటిదాకా నాకు స్టాక్ మార్కెట్లో ఆప్షన్స్ ట్రేడింగ్ అలవాటు, ధరలు ఎటు పోతాయోనని పందెం కాసినట్టే. 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్‌అండ్‌ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన వ్యక్తుల్లో 100కి 93 మంది నష్టపోయారని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పిన లెక్క నాకు తెలియనిది కాదు. మిగతా ఏడుగురిలో నేనున్నాననుకునేవాణ్ణి. ఆస్పత్రి నుంచి వచ్చాక యాప్ తెరిస్తే అదే 93 గుర్తొచ్చింది. ఈసారి ఆ గుంపులోనే ఉన్నాననిపించింది. పొజిషన్లన్నీ క్లోజ్ చేసి యాప్ తీసేశాను.

పేచీ బావమరిదితో వచ్చింది. నిజాంపేటలో ఇద్దరం టిఫిన్ సెంటర్ పెట్టాలని, నేను ఉద్యోగం మానేసి గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలని ముందే అనుకున్నాం. ఇప్పుడు ఆగుదామన్నాను. "నీకు భయం పట్టుకుంది బావా" అన్నాడు.

కాదనలేను. రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నాను కదా, ఓరోజు గడ్డం గీసుకుంటుంటే చిన్న గాటు పడింది. దూది మూడుసార్లు మార్చినా రక్తం ఆగలేదు. ఆ రోజు నుంచి బండి తీయలేదు. జేఎన్‌టీయూ దగ్గర మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి హైటెక్ సిటీకి. ముక్కెక్కడంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు.

కానీ అంతా భయమే కాదు. ఉద్యోగం మానితే కంపెనీ ఇన్సూరెన్స్ పోతుంది. సొంత పాలసీకి రెండుచోట్ల అడిగాను. ఒకరు కుదరదన్నారు. ఇంకొకరు ప్రీమియం పెంచి, గుండె జబ్బు ఖర్చులు ఇవ్వడానికి మూడేళ్లు ఆగాలన్నారు. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తగ్గించకముందు ఈ గడువు నాలుగేళ్ల దాకా ఉండేది.

ఆ రాత్రి మా ఆవిడ పాత డైరీలో నిలువుగా గీత గీసి, ఒక పక్క 'భయం', ఇంకో పక్క 'లెక్క' అని రాసింది. బండి భయం కిందికి వెళ్లింది, ఇన్సూరెన్స్ లెక్క కిందికి. టిఫిన్ సెంటర్ దగ్గర పెన్ను ఆగింది.

ఆరు నెలలకి ట్రెడ్‌మిల్ టెస్ట్ బాగానే వచ్చింది. బండి నడపొచ్చని డాక్టరు ఎప్పుడో చెప్పారట, నేనే వినిపించుకోలేదు. మర్నాడే తీశాను. పెరిగిన ప్రీమియం కట్టి పాలసీ తీసుకున్నాను, ఉద్యోగం మానలేదు. సెంటర్‌లో నా వాటా సగానికి తగ్గించుకుని, శని, ఆదివారాలు గల్లా దగ్గర కూర్చుంటున్నాను. బావమరిది ఇంకా ముభావంగానే ఉన్నాడు.

ట్రేడింగ్ యాప్ మాత్రం మళ్లీ ఎక్కించలేదు. దాన్ని గీతకి ఏ పక్కన రాయాలో మా ఇద్దరికీ ఇప్పటికీ తేలలేదు.