మెసేజ్ నుంచి మిస్డ్ కాల్ దాకా: టీకాల రిమైండర్లతో నా అనుభవం

హైదరాబాద్‌లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నా, బోరబండ వైపు బస్తీల్లో బాలింతలు, చంటిపిల్లలతో మా పని. బీసీజీ టీకా పుట్టగానే ఆస్పత్రిలోనే వేసేస్తారు కాబట్టి అది మిస్సవ్వదు, ఆ తర్వాత నెలన్నరకి, రెండున్నర నెలలకి, మూడున్నర నెలలకి వేసేవి ఉంటాయి చూడండి, అక్కడే పిల్లలు టీకాలకి రాకుండా జారిపోతుంటారు. అందరిళ్లలో ఫోన్ ఉంది కదా, ముందు రోజు ఒక మెసేజ్ పెడితే చాలు అనుకున్నాం.

అంత తేలిగ్గా ఏం అవ్వలేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన రూల్స్ ప్రకారం సంస్థ పేరు, హెడర్ (మెసేజ్ ఎవరు పంపారో చూపించే పేరు), పంపబోయే మెసేజ్ నమూనా అంటే టెంప్లేట్, అన్నీ ముందే టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి, టెంప్లేట్‌కి తేడా వస్తే మెసేజ్ వెళ్లదు. రూల్ మంచిదే, దొంగ మెసేజ్‌లు నమ్మి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు మా బస్తీల్లోనే ఉన్నారు. కానీ మా టెంప్లేట్ మూడుసార్లు రిజెక్ట్ అయింది, ఒకసారి సంస్థ పేరు లేదన్నారు, మిగతా రెండుసార్లు కారణమే రాయలేదు, ఫోన్ చేస్తే మళ్లీ అప్‌లోడ్ చేయండి మేడం అనడమే, చాలా కోపం వచ్చింది.

ఇంకోటి తెలుగు లెక్క. ఇంగ్లిష్‌లో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 మాత్రమే, అదీ గుణింతాలు, వత్తులు అన్నీ విడివిడిగా లెక్కేస్తారు, "లక్ష్మి" మనకి రెండక్షరాలు, సిస్టంకి ఏడు! 70 దాటితే రెండో మెసేజ్ కింద డబ్బులు. ఒక రాత్రి కూర్చుని ఒక్కో మాట లెక్కపెట్టాం, "ఆస్పత్రి" ఎనిమిది, "దవాఖాన" ఆరు, దవాఖానే పెట్టాం, బస్తీలో అందరూ అనేదీ అదే.

చివరికి మెసేజ్‌లు వెళ్లాయి, పిల్లలు మాత్రం రాలేదు. ఇంటింటికీ తిరిగితే ఒకామె చెప్పింది, "ఫోన్ మా ఆయన దగ్గర ఉంటది మేడం, ఆయనకి చదువు రాదు, మెసేజులన్నీ రీఛార్జివే అనుకుంటడు" అని.

ముంబైలో ఆర్మ్‌మాన్ సంస్థ ఎమ్‌మిత్ర పేరుతో గర్భిణులకి, బాలింతలకి వాళ్లు చెప్పిన టైంకే వాయిస్ కాల్స్ చేస్తుందని చదివి మేమూ కాల్స్‌కి మారాం. మొదట మా ఆఫీసులో ఒకరితో చక్కటి తెలుగులో రికార్డ్ చేయించాం, కంపెనీ కాల్ అనుకుని కట్ చేసేశారు. తర్వాత ఆ బస్తీ ఆశా వర్కర్‌ని, మా ఆశా అక్కనే అడిగాం. ఆవిడ కాగితం పక్కన పెట్టేసి, "అమ్మా, రేపు బుధవారం, బిడ్డకి నెలన్నర సూది ఉంది, కార్డు పట్టుకొని దవాఖానకి రా" అంది, అంతే. మగవాళ్లు ఇంటికొచ్చాక రాత్రి ఎనిమిదికి కాల్ పెట్టాం, స్పీకర్ ఆన్ చేసి ఇంటిల్లిపాదీ విన్నారట, గొంతు గుర్తుపట్టి అత్తగార్లే కోడళ్లని తోలుకొచ్చారు.

చివర్లో ఒక నంబర్ కూడా చెప్పించాం, డౌట్ ఉంటే మిస్డ్ కాల్ ఇవ్వండి, మేమే తిరిగి చేస్తాం అని. ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర వాళ్లు గోండు పల్లెల సమస్యలు వినడానికి వాడిన పద్ధతే, పేదవాళ్ల బ్యాలెన్స్ ఖర్చవ్వదు. మొట్టమొదటి మిస్డ్ కాల్ ఇచ్చిన అమ్మాయికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు, చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత మెల్లగా అడిగింది, "మొదటి సూదికి కాలు ఉబ్బింది, జరమొచ్చి రాత్రంతా ఏడ్చింది అక్కా, మళ్లీ వేయిస్తే ఏమైనా అయితదా?" అని. అన్నాళ్లూ మేం వీళ్లు మర్చిపోతున్నారనే అనుకున్నాం, ఆ అమ్మాయి ఒక్కరోజు కూడా మర్చిపోలేదు, భయపడి ఆగింది. ఆ సూదికి జ్వరం రావడం, కాలు వాయడం మామూలేనని, టీకాలు వేసే నర్సు, ఏఎన్ఎం అమ్మ జ్వరం మందు ఇస్తుందని చెప్పాం, శనివారం పాపని ఎత్తుకొచ్చింది. ఆ వారమే ఆశా అక్కతో రికార్డింగ్ మార్పించాం, ఇప్పుడు తేదీ కంటే ముందు జ్వరం సంగతే చెబుతుంది.

మా బస్తీల్లో ఉర్దూ ఇళ్లు చాలా ఉన్నాయి, వాళ్లకి ఇంకా కాల్స్ మొదలుపెట్టలేదు. అక్కడి ఆడవాళ్లు గుర్తుపట్టే గొంతు కావాలి, ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.