మాత్ర మానేసిన మూడు వారాలు

రొమ్ము క్యాన్సర్‌కి రోజూ వేసుకునే మాత్ర మొదలుపెట్టాక, మూడో నెలలో మొదలైంది ఈ నొప్పి. పొద్దున్నే లేచి పిడికిలి బిగిద్దామంటే వేళ్ళు ముడుచుకునేవి కావు. కుడిచేతి బొటనవేలు వంచితే వంగినచోటే పట్టేసేది. ఎడమచేత్తో లాగితే టక్కుమని తెరుచుకునేది, ప్రాణం జివ్వుమనేది. మంచం దిగి బాత్రూమ్ దాకా గోడ పట్టుకుని నడిచేదాన్ని. ఓ గంట అటూ ఇటూ తిరిగాక కాస్త సర్దుకునేది. పది నిమిషాలు కూర్చుని లేస్తే మళ్ళీ మొదటికే. దేవుడి దగ్గర దీపం పెట్టడానికి కింద కూర్చుంటే, లేపడానికి ఎవరో ఒకరు రావాల్సి వచ్చేది.

అప్పటికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయాయి. నాది హార్మోన్ పాజిటివ్ రకం, అంటే ఒంట్లోని హార్మోన్ల వల్ల పెరిగేది. లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి, ఐదేళ్ళు వేసుకోమన్నారు. కీమోతో పోలిస్తే ఇదెంత అనుకున్నాను.

ఇంటి దగ్గర డాక్టరు గారికి చూపిస్తే కీళ్ళవాతం ఏమోనని యూరిక్ యాసిడ్, ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్షలు చేయించారు. రెండూ నార్మల్. "యాభై ఎనిమిదేళ్ళు కదమ్మా, వయసుతో వచ్చేవే" అన్నారు. ఆ మాటకి చాలా బాధపడ్డాను. మూడు నెలల్లో ఎవరికీ అంత వయసు మీద పడదు. అయినా క్యాన్సర్ డాక్టరు గారితో మాత్రం చెప్పలేదు. ప్రాణం నిలబెట్టిన మనిషి దగ్గర కీళ్ళనొప్పుల గురించి ఏం మాట్లాడతాంలే అనిపించింది. ఇంట్లో వాళ్ళూ నాకోసం అప్పటికే చాలా పడ్డారు.

ఒక రాత్రి మాత్ర చేతిలోకి తీసుకుని, మళ్ళీ డబ్బాలో పెట్టేశాను. మర్నాడూ అంతే. మూడో వారానికి చపాతీ పిండి కలపగలిగాను. చేతులకి ఎంత హాయిగా ఉండేదో, పడుకున్నాక అంత భయం వేసేది.

కోడలు డబ్బా సర్దుతూ చూసింది. "అత్తయ్యా, ఈ అట్ట ఇంకా అయిపోలేదేంటి?" అంది. ఏడుపు ఆగలేదు నాకు. తను ఒక్క మాట అనలేదు. మర్నాడే ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

తిడతారనుకున్న డాక్టరు గారు, "ముందే ఎందుకు చెప్పలేదమ్మా? ఈ మందు వాడేవాళ్ళలో దాదాపు సగం మందికి కీళ్ళనొప్పులు వస్తాయి" అన్నారు. నెలసరి ఆగిపోయాక కూడా కొవ్వులో, కండరాల్లో అరోమటేజ్ అనే ఎంజైమ్ వల్ల ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ కొంచెం తయారవుతూనే ఉంటుందట. మాత్ర దాన్ని అడ్డుకుంటుంది. క్యాన్సర్ కణానికి అందాల్సింది అందదు. కానీ కీళ్ళకీ ఎముకలకీ కూడా ఆ ఈస్ట్రోజన్ కావాలి, నొప్పులు అందుకే. మానేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుందని కూడా సూటిగానే చెప్పారు.

అదే జాతి మందుల్లో ఒకటి పడనివాళ్ళకి ఇంకొకటి పడొచ్చట. మరో వారం ఆగి ఎక్సిమెస్టేన్ 25 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు, అన్నం తిన్నాక వేసుకోమని. ఇదీ పడకపోతే టామాక్సిఫెన్ అనే వేరే రకం మందు ఉందన్నారు. విటమిన్ డి బాగా తక్కువుంటే వారానికొక 60,000 యూనిట్ల సాచెట్ ఇచ్చారు. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్‌లో ఎముకలు కొంచెం పలచబడ్డాయని తేలింది, కాల్షియం రాశారు. పక్కింటావిడ ఇచ్చిన నాటుమందు పొడి చూపిస్తే, ఏం కలిపారో తెలియనిది వద్దన్నారు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పింది నడక గురించి. అమెరికాలో ఈ మందులు వాడుతూ నొప్పులు పడుతున్న 121 మంది ఆడవాళ్ళ మీద పరిశోధన చేశారట. వారానికి 150 నిమిషాలు నడక లాంటి వ్యాయామం, రెండుసార్లు బరువులతో కసరత్తు చేసినవాళ్ళకి ఏడాది తిరిగేసరికి నొప్పి సగటున 29 శాతం తగ్గింది. నొప్పి ఉన్న కాళ్ళతో నడవమంటారేంటని నాకు నమ్మకం కుదరలేదు. మొదటి రోజు గోదావరి గట్టు మీద పది నిమిషాలకే కూలబడ్డాను. మా ఆయన పక్కనే కూర్చుని, "రేపు ఆ రావిచెట్టు దాకా వెళ్దాంలే" అన్నారు. రెండు వారాలకి ఆ చెట్టు దాటాం. ఇప్పుడు నలభై నిమిషాలు నడుస్తున్నాను. లేవగానే గోరువెచ్చని నీళ్ళలో చేతులు పెట్టి, నీళ్ళలోనే పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉంటాను. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పించింది.

నొప్పి పూర్తిగా పోలేదు. బిగుతు గంట నుంచి పావుగంటకి వచ్చింది. చీర కుచ్చిళ్ళు నేనే పెట్టుకుంటున్నాను, కుక్కర్ మూత నేనే తీస్తున్నాను. ఏ రోజు ఎక్కడ నొప్పి, ఎంతసేపు ఉందో ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నాను, డాక్టరు గారి ముందు ఏదీ మింగేయకుండా. ఎల్లుండి చెకప్ ఉంది. ఈసారి రాసుకున్నది బొటనవేలి గురించి. అది పొద్దున పూట ఇంకా పట్టేస్తోంది.