ఒడి ఎత్తు నుంచి తీసిన ఫొటోలు

2025 మొదట్లో పుణేలో గిలియన్ బారే సిండ్రోమ్ కేసులు పెరిగి టీవీల్లో ఊదరగొట్టినప్పుడు తెలిసినవాళ్లంతా ఫోన్లు చేశారు. "అక్కా, నీకొచ్చింది ఇదేగా? అంటుకుంటుందా?" అని. అంటుకోదు. నాకు అంతకు కొన్నేళ్ల ముందే వచ్చింది. విరేచనాలు పట్టుకుని తగ్గాయి, హమ్మయ్య అనుకున్నాక అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. క్రిమితో పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ దారితప్పి మన నరాల మీదే పడటం ఈ జబ్బు. మొదట చూసిన డాక్టరు కాల్షియం తక్కువని మాత్రలు రాశారు. రెండు మూడు రోజుల్లోనే మెట్లెక్కలేకపోయాను. ఆ తర్వాత చేతిలో చెంచా నిలవలేదు.

పెద్దాసుపత్రిలో నరాల పరీక్ష చేశారు, వెన్నులోంచి నీరు తీశారు, ఐదు రోజులు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే యాంటీబాడీల మందు ఎక్కించారు. దాని డోసు ఒంటి బరువును బట్టి ఉంటుంది. బిల్లు చూసి మా ఆయన "నువ్వు కాస్త సన్నగా ఉండుంటే బాగుండేది" అన్నారు. నవ్వొచ్చింది కానీ, అప్పటికి నా ముఖం నరాలు కూడా పడిపోయి ఉన్నాయి. నవ్వానో లేదో ఆయనకి తెలియలేదు.

చాలామంది కొన్ని నెలల్లో, మహా అయితే ఏడాదిలో లేచి నడుస్తారు. నాది నరం పైపొరతో పాటు లోపలి తీగ కూడా దెబ్బతినే రకం. ఆ తీగ మళ్లీ పెరగాలంటే రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు. నడుము నుంచి పాదం దాకా ఎంత దూరమో మీరే లెక్కేసుకోండి. ముఖం, భుజాలు బాగానే కోలుకున్నాయి. పాదాలు ఇప్పటికీ పైకి లేవవు. ఇంట్లో పాదాల్ని పట్టి ఉంచే స్ప్లింట్లు వేసుకుని వాకర్‌తో నాలుగడుగులు వేస్తాను, బయటికెళ్తే వీల్‌చైరే. వేళ్లలో పట్టు సగమే వచ్చింది.

ఆ వేళ్ల కోసం ఫిజియోథెరపీలో కందిపప్పు గింజలు ఏరించేవారు, బట్టల క్లిప్పులు నొక్కించేవారు. మహా విసుగు. ఏరిన పప్పు మళ్లీ కలిపేసి మళ్లీ ఏరమంటే ఎవరికైనా ఏడుపొస్తుంది. అలాంటప్పుడే మా తమ్ముడు వాడకుండా పడేసిన పాత కెమెరా తెచ్చి ఒళ్లో పెట్టాడు.

కెమెరా బటన్ సగం నొక్కితే ఫోకస్ అవుతుంది, పూర్తిగా నొక్కితే ఫొటో పడుతుంది. మామూలు చేతికి ఈ రెండూ ఒకటే కదలిక. నా వేలు ఆ సగం దగ్గరే ఆగిపోయేది. బీప్‌మని కెమెరా రెడీ అయ్యేది, నేను కాలేకపోయేదాన్ని. భుజం బలమంతా పెట్టి నొక్కితే కెమెరా కదిలి ఫొటో చెదిరేది. చివరికి తమ్ముడే వైరు రిమోట్ కొన్నాడు. దాన్ని తొడ మీద పెట్టుకుని అరచేతి అడుగుభాగంతో నొక్కుతాను. కెమెరాని కుర్చీ చేతికి క్లాంపుతో బిగించాడు. దాన్ని కంటిదాకా ఎత్తే పని లేదు, స్క్రీన్ పైకి తిప్పి చూస్తే చాలు. అలా నా ఫొటోలన్నీ ఒడి ఎత్తు నుంచే వస్తాయి. నిలబడ్డవాళ్లని తీస్తే తలకాయలు పోతాయి.

కూర్చున్నవాళ్లు మాత్రం చక్కగా వస్తారు. మాది గుంటూరు. ఎండుమిరపకాయలకి తొడిమలు తీసే ఆడవాళ్లు రాశుల మధ్య నేల మీద కూర్చుని పని చేస్తారు. నిలబడి కెమెరా పట్టేవాళ్ల ఫొటోల్లో వాళ్ల పాపిటలే కనిపిస్తాయి. నాకు కళ్లు, ముక్కుకి అడ్డం కట్టుకున్న చీర చెంగు, బొటనవేలి గోటి కింద దిగిన ఎరుపు కనిపిస్తాయి. ఒకావిడ నా స్ప్లింట్లు చూసి "మోకాళ్లు మాకూ పోయినయ్ లేమ్మా" అని పనిలో పడిపోయింది. ఆ ఘాటుకి నేను దగ్గుతుంటే అందరూ ఒకటే నవ్వు.

పరుగెత్తి వెంటపడే ఫొటోలు నావల్ల కావు. ఫ్రేము ముందే పెట్టేసుకుని అందులోకి ఎవరొస్తారా అని చూస్తాను. మా గుంటూరు దగ్గర పక్షులొచ్చే ఉప్పలపాడు చెరువు దగ్గర ఈ పద్ధతి భలే పనికొచ్చింది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెరువు మధ్య చెట్ల మీదకే వచ్చి వాలతాయి కాబట్టి వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. ఒక కొమ్మకి గురిపెట్టి, రెక్క కదిలినా చెదరకుండా షటర్ వేగం సెకనులో వెయ్యో వంతుకి పెట్టి, రిమోట్ మీద చెయ్యేసి కూర్చోవడమే.

ఫొటోలు వాట్సాప్‌లో పెడితే "మీ ధైర్యానికి జోహార్లు", చేతులు జోడించిన బొమ్మలు. వాళ్ల అభిమానం కాదనను. కానీ కొంగ రెక్క ఫ్రేములో పట్టక తెగిపోయిన ఫొటోకీ అదే జోహారు, బాగా కుదిరిన ఫొటోకీ అదే జోహారు. ఒక్కళ్లయినా ఫొటో చూశారా అని నా అనుమానం.

ప్రింట్లు వేయించే స్టూడియో బాబాయి గారొక్కరే చూశారు. మిరపకాయల ఫొటో తెరిచి కళ్లజోడు సర్దుకుని, "ఎరుపు పేలిపోయింది తల్లీ. కాయకీ కాయకీ తేడా లేదు, ముద్దలా ఉంది. ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి తియ్యి" అన్నారు. నా కుర్చీ వంక చూడనైనా లేదు. ఆ రోజు ఎంత ఉత్సాహంగా ఇంటికొచ్చానో!

మళ్లీ వెళ్లాను, ఎండ ముదరకముందే. ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి వెళ్లే వెలుతురు, మైనస్ పాయింట్ సెవెన్‌కి తగ్గించి తీశాను. ఈసారి కాయల మీద ముడతలు, విడిచిన తొడిమలు విడివిడిగా కనిపిస్తున్నాయి. బాబాయి గారు మాత్రం ఎడమ మూల ఖాళీగా ఉందంటున్నారు.